ఏసీకి ఆయువుపట్టు కాయిల్

ఏసీ సరిగ్గా చల్లబరచకపోతే గ్యాస్ అయిపోయిందన్న అనుమానమే ముందు వస్తుంది. తరచూ అసలు లోపం కాయిల్ మీద పేరుకున్న మట్టిలో ఉంటుంది. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తుంది, ఏం చేస్తుంది, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా తీయాలి... ఇదే ఈ వారం ముఖచిత్ర కథనం.

స్ప్లిట్ ఏసీలో కాయిల్స్ రెండు. గదిలో గోడకు బిగించిన ఇండోర్ యూనిట్‌లో ఉండేది ఎవాపొరేటర్, మెకానిక్‌ల మాటలో కూలింగ్ కాయిల్. బాల్కనీలోనో డాబా మీదో పెట్టిన ఔట్‌డోర్ యూనిట్‌లోది కండెన్సర్ కాయిల్. విండో ఏసీలోనూ ఈ రెండూ ఉంటాయి. అందులో ఒకే పెట్టెలో ముందొకటి, వెనకొకటి అమరి ఉంటాయి. ఎక్కువ ఏసీల్లో కాయిల్ అంటే వంపులు తిరిగిన రాగి గొట్టం, దాని చుట్టూ వరుసగా నిలబెట్టిన పలుచని అల్యూమినియం రేకులు. ఈ రేకులనే ఫిన్స్ అంటారు. ఒక్కో ఫిన్ మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. అంగుళం వెడల్పులో 16 నుంచి 20 దాకా ఉంటాయి. అంటే రెండు ఫిన్స్ నడుమ గాలి దూరే సందు ఒకటిన్నర మిల్లీమీటరుకు అటూఇటూ.

రెండు కాయిల్స్ మధ్య తిరిగే గ్యాస్ పని వేడిని మోయడం. కూలింగ్ కాయిల్‌లోకి అది ద్రవంగా, తక్కువ ఒత్తిడితో వస్తుంది. అక్కడ సుమారు 5 నుంచి 12 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మరగడానికి కావలసిన వేడిని గది గాలి నుంచి లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అదిమి, ఒత్తిడీ వేడీ పెంచి బయటి కండెన్సర్‌కు తోస్తుంది. అక్కడ అది బయటి గాలికి వేడిని వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. అందుకే బయట 45 డిగ్రీల ఎండ కాస్తుంటే కండెన్సర్ అంతకంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే గానీ లోపలి వేడిని వదిలించుకోలేదు.

టన్ను ఏసీ గంటకు 12,000 బీటీయూల వేడిని, అంటే సుమారు 3.5 కిలోవాట్లను గదిలోంచి తీసేస్తుంది. 907 కిలోల మంచుగడ్డను 24 గంటల్లో కరిగించే వేడి ఇంతే ఉంటుంది. టన్ను లెక్క అలా పుట్టిందే. ఒకటిన్నర టన్ను ఏసీ అయితే 5 కిలోవాట్లకు పైమాట. ఇంత వేడీ ఆ సన్నని సందుల గుండానే దాటాలి. ఏసీ పనితనమంతా గాలి శుభ్రమైన లోహాన్ని ఎంత ధారాళంగా తాకుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

దుమ్ము చేసే నష్టం

కాయిల్ మీద దుమ్ము రెండు విధాలుగా చెరుపు చేస్తుంది. ఒకటి, లోహానికీ గాలికీ మధ్య పొరలా నిలిచి వేడిని అడ్డుకుంటుంది. రెండోది ఇంకా పెద్దది. సందులు పూడిపోయి గాలే సరిగా రాదు.

లోపలి కాయిల్‌కు గాలి తగ్గితే గ్యాస్‌కు మరగడానికి కావలసిన వేడి అందదు. కాయిల్ ఉష్ణోగ్రత సున్నా కిందికి పడిపోతుంది. దాని మీద చేరే తేమ గడ్డకట్టి మంచు పొర అవుతుంది. ఆ మంచు మిగిలిన సందుల్నీ మూసేస్తుంది. ఏసీ నడుస్తూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. ఆపగానే మంచు కరిగి నీళ్లు గోడ వెంబడి కారతాయి. ఈలోగా పూర్తిగా మరగని ద్రవం కంప్రెసర్‌కు చేరే ప్రమాదం ఉంది. ఆవిరిని అదమడానికి తయారైన కంప్రెసర్ ద్రవాన్ని తట్టుకోలేదు. ద్రవం దాని లోపలి ఆయిల్‌ను పలచన చేసి భాగాల్ని అరగదీస్తుంది. ఏసీలో అన్నిటికంటే ఖరీదైన భాగం దెబ్బతినడానికి వేల రూపాయల లోపమేదీ అక్కర్లేదు, కడగని ఫిల్టర్ చాలు.

బయటి కాయిల్ పూడిపోతే నష్టం కరెంటు బిల్లులో మొదలవుతుంది. వేడి వదలడం కష్టమైన కొద్దీ కండెన్సర్ మరింత వేడెక్కుతుంది, కంప్రెసర్ మరింత ఒత్తిడితో నెట్టాల్సి వస్తుంది. కండెన్సర్ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడల్లా కంప్రెసర్ తాగే కరెంటు సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుందని ఇంజినీర్లు లెక్కిస్తారు. రోహిణి కార్తె ఎండల్లో ఈ ఒత్తిడి హద్దు దాటి కంప్రెసర్ ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలై మళ్లీ ఆగుతుంది. సరిగ్గా చల్లదనం కావలసిన మధ్యాహ్నం పూటే ఏసీ చేతులెత్తేయడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇన్వర్టర్ ఏసీలోనైతే ఈ నష్టం కంటికి కనిపించదు. గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గించుకోవడంలోనే దాని పొదుపంతా ఉంది. కాయిల్ మురికైతే ఆ వేగం తగ్గే అవకాశమే రాదు. ఏసీ మీద అంటించే స్టార్ లేబుల్‌కు ఆధారం ఐసీర్ అనే కొలమానం. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ దీన్ని బయట 24 నుంచి 43 డిగ్రీల మధ్య ఏడాదికి 1,600 గంటల వాడకం ప్రాతిపదికగా లెక్కిస్తుంది. ఆ లెక్క కొత్త యంత్రానిది, శుభ్రమైన కాయిల్‌ది. అయిదు నక్షత్రాలకు డబ్బు పెట్టి కొన్న ఇల్లు ఆ నక్షత్రాలను నిలుపుకోవాలంటే కాయిల్‌ను శుభ్రంగా ఉంచుకోక తప్పదు. మురికి ఫిల్టర్‌ను మార్చడం ఒక్కటే ఏసీ కరెంటు వాడకాన్ని 5 నుంచి 15 శాతం తగ్గించగలదని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది.

ఇక ఆరోగ్యం. ఏసీ నడిచినంతసేపూ కూలింగ్ కాయిల్ తడిగా ఉంటుంది. తడి, చీకటి, దుమ్ములోని చర్మపు పొట్టు, నూలు పోగులు ఒకచోట చేరితే బూజుకూ బ్యాక్టీరియాకూ అంతకు మించిన చోటు లేదు. ఏసీ వేయగానే మొదటి రెండు నిమిషాలు వచ్చే ముక్క వాసన దీనిదే. కెనడాలోని మాంట్రియల్‌లో మూడు ఆఫీసు భవనాల్లో ఏసీ వ్యవస్థలోని కాయిల్స్ మీద అతినీలలోహిత దీపాలు వెలిగించి, 771 మంది ఉద్యోగులను గమనించిన అధ్యయనం 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వెలుగు పడిన చోట్ల సూక్ష్మజీవులు 99 శాతం తగ్గాయి. ఉద్యోగుల్లో శ్వాస సంబంధమైన ఇబ్బందులు, ముక్కు, గొంతు మంటలు కూడా తగ్గాయి. ఉబ్బసం ఉన్న పిల్లలు, పెద్దవాళ్లు పడుకునే గదిలో కాయిల్ శుభ్రత వైద్యంలో భాగమే.

ఊరిని బట్టి మట్టి

కాయిల్ మీద ఏం పేరుకుంటుందన్నది ఇల్లున్న చోటును బట్టి మారుతుంది. హైదరాబాద్ పడమటి శివార్లలో కొత్త అపార్ట్‌మెంట్ల పక్కన సిమెంటు, ఇసుక దుమ్ము ఎక్కువ. నగరమంతటా ఔట్‌డోర్ యూనిట్ల మీద పావురాల ఈకలు, రెట్టలు, గూళ్ల పుల్లలు మామూలు. గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గు ధూళి జిడ్డుగా అంటుకుంటుంది. కరీంనగర్, చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పొడి, సిరిసిల్లలో మరమగ్గాల నూలు, వరంగల్, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి పోగులు, గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లో కారపు ఘాటుతో కూడిన దుమ్ము. విశాఖలో పోర్టు వైపు నుంచి వచ్చే ధూళికి సముద్రపు ఉప్పు తోడవుతుంది.

ఇంటి లోపలి మట్టి వేరు. పరుపులు, దుప్పట్ల నూలు, టాల్కం పౌడరు, తల వెంట్రుకలు, పెంపుడు జంతువుల బొచ్చు ఫిల్టర్ దగ్గర ఆగుతాయి. పొగ ఆగదు. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల బత్తి పొగలోని నలుసులు ఫిల్టర్ రంధ్రాల కంటే చాలా చిన్నవి. అవి నేరుగా కాయిల్ మీద వాలతాయి. గోడ లేని వంటగదులున్న ఫ్లాట్లలో తాలింపు పొగ హాల్లోని ఏసీకి చేరుతుంది. ఆ నూనె జిడ్డు కాయిల్ మీద పడ్డాక దుమ్మంతా దానికి అతుక్కుపోతుంది. ఇలాంటి మురికి మామూలు నీళ్లకు వదలదు. వంట జరిగేటప్పుడు చిమ్నీ గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ వేసి ఉంచడం, హాల్లో ఏసీ కాసేపు ఆపడం కాయిల్‌కు పెద్ద మేలు.

ముందే తెలిసే గుర్తులు

కాయిల్ మురికైన సంగతిని ఏసీ ముందుగానే చెబుతుంది. గాలి వేగం తగ్గడం, గది చల్లబడటానికి మునుపటి కంటే ఎక్కువసేపు పట్టడం, వాసన, యూనిట్ కింద నీటి చుక్కలు, గాలితో పాటు నల్లటి నలుసులు రాలడం, వాడకం పెరగకుండానే బిల్లు పెరగడం వాటిలో ముఖ్యమైనవి.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఏసీని 16 లేదా 18 డిగ్రీలకు, ఫ్యాన్‌ను ఎక్కువ వేగానికి పెట్టి పావుగంట నడవనివ్వాలి. ఆపైన యూనిట్ పైభాగంలో గాలి లోపలికి వెళ్లే చోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చే చోట ఒకసారి థర్మామీటరు పెట్టి చూడాలి. రెండింటికీ మధ్య సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటుంది. బాగా తేమ ఉన్న రోజు కాస్త తగ్గవచ్చు. తేడా మరీ తక్కువైతే ముందు ఫిల్టర్, తరువాత రెండు కాయిల్స్ చూడాలి. అవి శుభ్రంగా ఉన్నప్పుడే గ్యాస్ సంగతి ఆలోచించాలి.

కాయిల్‌ను కంటితో చూడటం కూడా కష్టమేమీ కాదు. ముందు ప్యానెల్ ఎత్తి ఫిల్టర్లు తీసి, ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే శుభ్రమైన ఫిన్స్ గీతలు గీసినట్టు విడివిడిగా మెరుస్తాయి. మురికి కాయిల్ మీద ఆ గీతలు కలిసిపోయి, బూడిదరంగు పలుచని దుప్పటి పరిచినట్టుంటుంది. కింద గాలి వచ్చే రెక్కల సందులోంచి టార్చి వేస్తే పొడవాటి బ్లోయర్ చక్రం కనిపిస్తుంది. దాని సన్నని రెక్కల లోపలి వంపులో నల్లటి మెత్తని ముద్ద ఉంటే కాయిల్‌తో పాటు బ్లోయర్‌నూ కడిగించాలి. ఆ ముద్ద వల్ల రెక్కల ఆకారం మారి, ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి రాదు. బరువు ఒకవైపుకు పడి శబ్దం కూడా చేస్తుంది.

ఫిల్టర్: ఇంటివాళ్ల పని

కాయిల్ సంరక్షణలో సగం ఫిల్టర్ దగ్గరే అయిపోతుంది. వేసవిలో రోజూ నడిచే ఏసీకి రెండు వారాలకొకసారి, దుమ్ము ఎక్కువున్న చోట వారానికొకసారి ఫిల్టర్ కడగాలి. స్విచ్ ఆపాక ఫిల్టర్‌ను మెల్లగా జార్చి తీయాలి. కుళాయి కింద పట్టేటప్పుడు గాలి లోపలికి వెళ్లే వైపుకు కాకుండా, వెనక వైపు నుంచి నీళ్లు పడేలా పట్టాలి. అప్పుడు దుమ్ము వచ్చిన దారినే బయటికి పోతుంది. జిడ్డుంటే గోరువెచ్చని నీళ్లలో కాస్త గిన్నెలు తోమే ద్రవం వేసి నానబెట్టవచ్చు. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ ఫ్రేము వంగి, తిరిగి పెట్టినప్పుడు పక్కన సందులు మిగులుతాయి. ఆ సందుల్లోంచి దుమ్ము నేరుగా కాయిల్ చేరుతుంది. నీడలో పూర్తిగా ఆరనిచ్చి బిగించాలి. బొగ్గు పొర ఉన్నవి, పీఎం 2.5 పేరుతో వచ్చే అదనపు ఫిల్టర్లు చాలావరకు కడిగేవి కావు. వాటిని మార్చాల్సిందే.

ఫిల్టర్ తీసి ఏసీ నడపడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. గాలి బాగా వస్తోందన్న సంతోషం కొద్ది రోజులదే. ఆ తరువాత కాయిల్ మొత్తం కడిగించే ఖర్చు మీద పడుతుంది.

కూలింగ్ కాయిల్ శుభ్రం

కాయిల్‌ను ముట్టుకునే ముందు ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపడం తప్పనిసరి. రిమోట్‌తో ఆపితే ఫ్యాన్ ఆగుతుంది గానీ యూనిట్‌లో కరెంటు ఉంటుంది. పైపైన పేరుకున్న పొడి దుమ్మును ఇంటివాళ్లే తీయవచ్చు. మెత్తని బ్రష్‌తో ఫిన్స్ ఎటు నిలబడి ఉన్నాయో అటే, పై నుంచి కిందికి తేలిగ్గా దువ్వాలి. అడ్డంగా రుద్దితే కాగితంలా వంగిపోతాయి. బ్రష్ ముక్కున్న వ్యాక్యూమ్ క్లీనర్ ఇంకా మేలు. ఫిన్స్ అంచులు బ్లేడులా కోస్తాయి కనుక చేతికి తొడుగులు ఉండాలి.

మార్కెట్లో దొరికే ఫోమ్ స్ప్రేలు తేలికపాటి మురికికి పనికొస్తాయి. కొట్టిన నురుగు సందుల్లోకి దిగి మురికిని వదులు చేస్తుంది. తరువాత ఏసీని నడిపితే కాయిల్ మీద చేరే నీళ్లు దాన్ని కింది ట్రేలోకి కడిగేస్తాయి. పొడి వాతావరణంలో ఈ నీళ్లు చాలవు. తెలంగాణ, రాయలసీమల్లో ఏప్రిల్ మధ్యాహ్నపు గాలిలో తేమ తక్కువ కాబట్టి నురుగు సగం కాయిల్‌లోనే ఆరిపోయి, మళ్లీ దుమ్మును పట్టే జిగురుగా మిగులుతుంది. అలాంటి చోట స్ప్రే కొట్టాక చేతి పిచికారీతో మంచినీళ్లు చల్లడం అవసరం. ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న వైపు, ఎక్కువ మోడళ్లలో అది కుడి పక్కన ఉంటుంది, ప్లాస్టిక్ కవరు చుట్టాకే తడి పని మొదలుపెట్టాలి.

మురికి లోపలి వరసల దాకా దిగితే జెట్ సర్వీస్ చేయించాలి. యూనిట్ కింద సంచి లాంటి కవరు కట్టి, చిన్న పంపుతో నీళ్లు కొట్టి కాయిల్‌ను, బ్లోయర్‌ను, ట్రేను కడుగుతారు. పని సరిగ్గా జరిగిందా లేదా అన్నది సంచిలోంచి బకెట్లోకి దిగే నీళ్లే చెబుతాయి. మొదట నల్లగా, ముద్దలతో వచ్చిన నీళ్లు చివరికి తేటబడేదాకా కడగాలి. పది నిమిషాల్లో ముగించి ఫిల్టర్ దులిపి వెళ్లేది సర్వీసింగ్ అనిపించుకోదు.

కొత్త మోడళ్లలో ఉండే ఆటో క్లీన్ సదుపాయం కాయిల్‌ను కావాలనే గడ్డకట్టించి, కరిగించి, ఆ నీళ్లతో పైపై దుమ్మును దించుతుంది. కొన్నింటిలో ఆపిన తరువాత ఫ్యాన్ కాసేపు తిరిగి కాయిల్‌ను ఆరబెడుతుంది. ఈ సదుపాయం లేని ఏసీలో ఆపే ముందు పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపితే బూజు చాలా తగ్గుతుంది. ఇవి మురికి పట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. జిడ్డునూ, బ్లోయర్ మీది ముద్దనూ తీయలేవు.

నీళ్లు పోయే దారి

కోస్తాలో ఉక్కపోత రోజుల్లో ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు ఒకటి నుంచి రెండు లీటర్ల నీటిని గాలి నుంచి పిండుతుంది. ఆ నీళ్లతో పాటు కాయిల్ మీది మట్టి కూడా ట్రేలోకి, అక్కడి నుంచి డ్రెయిన్ పైపులోకి దిగుతుంది. పైపులో అది జిగట పదార్థంగా పెరిగి దారి మూసేస్తే నీళ్లు గదిలోకి కారతాయి. సర్వీస్ చేసినప్పుడల్లా ట్రేలో మగ్గుడు నీళ్లు పోసి, బయటి కొస నుంచి అవి ధారగా వస్తున్నాయో లేదో చూడాలి. పైపు మొత్తం కిందికి వాలుగా ఉండాలి. దాని కొస బకెట్ నీళ్లలో మునగకూడదు. మురుగు పైపుకు నేరుగా కలిపితే ఆ వాసన గదిలోకి వస్తుంది. ఏసీ నీళ్లను మొక్కలకు, ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడం మాత్రం మానాలి. కాయిల్ మీది దుమ్ము, లోహపు అణువులు కలిసిన ఆ నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో సమానం కావు.

ఔట్‌డోర్ యూనిట్

కండెన్సర్ ఎండకు, వానకు, పక్షులకు ఎదురుగా నిలబడే భాగం. ఎక్కువ యూనిట్లలో గాలి వెనక, పక్కల నుంచి లోపలికి వెళ్లి ముందున్న ఫ్యాన్ గుండా బయటికి వస్తుంది. అందువల్ల మురికంతా కనిపించని వెనక వైపు పేరుకుంటుంది. ముందు నుంచి శుభ్రంగా కనిపించే యూనిట్ వెనక ఫిన్స్ పూర్తిగా పూడి ఉండవచ్చు.

కడిగే పద్ధతికి ఒక క్రమం ఉంది. ఎంసీబీ ఆపాలి. ఇన్వర్టర్ బోర్డులోని కెపాసిటర్లలో కరెంటు ఆపాక కూడా కొన్ని నిమిషాలు మిగిలే ఉంటుంది. కాబట్టి మూత విప్పే పని మెకానిక్‌దే. ముందు ఈకలు, ఆకులు, గూళ్లు చేత్తో తీయాలి. ఎండిన పావురాల రెట్టను పొడిగా గీకకూడదు. ఆ ధూళి పీల్చడం వల్ల ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. నీళ్లతో తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి. పైమూత విప్పి లోపలి నుంచి బయటికి నీళ్లు కొడితే మట్టి వచ్చిన దారినే పోతుంది. బయటి నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతుంది. మామూలు తోట పైపు ధార చాలు. కారు కడిగే ప్రెషర్ వాషర్ ఫిన్స్‌ను ఒక్క దెబ్బకు పడుకోబెడుతుంది. వంగిన ఫిన్స్‌ను ఫిన్ కోంబ్ అనే దువ్వెనతో నిలబెట్టవచ్చు. కొన్ని కొత్త యూనిట్లలో గొట్టాలు కూడా అల్యూమినియమే. వాటి విషయంలో మరింత సుతారంగా ఉండాలి.

మే నెలలో నడుస్తున్న ఔట్‌డోర్ యూనిట్ మీద రోజూ బోరు నీళ్లు చల్లే అలవాటు చాలాచోట్ల ఉంది. కాసేపు చల్లదనం పెరిగినట్టే ఉంటుంది. వేడి లోహం మీద ఆరిన ప్రతిసారీ ఆ నీళ్లలోని లవణాలు తెల్లటి పెచ్చుగా మిగిలి సందులు మూస్తాయి, ఫిన్స్‌ను తింటాయి. దీనికి బదులు నీడ కల్పించడం మంచిది. నీడ కోసం వేసే పందిరి గాలికి అడ్డు రాకూడదు. యూనిట్ వెనక అడుగు దూరం, ముందు అంతకు రెండింతలకు పైగా ఖాళీ ఉండాలి. ఇరుకు షాఫ్టులో ఒకదాని మీద ఒకటిగా బిగించిన యూనిట్లలో కింది వాటి వేడిగాలిని పై యూనిట్లు పీల్చుకుంటాయి. అలాంటి చోట కాయిల్ ఎంత శుభ్రంగా ఉన్నా ఫలితం ఉండదు.

రసాయనాల జాగ్రత్త

అల్యూమినియం ఆమ్లానికీ, ఘాటైన క్షారానికీ రెండింటికీ లొంగిపోయే లోహం. బాత్రూమ్ కడిగే యాసిడ్ పోస్తే మురికి క్షణంలో పోయినట్టు కనిపిస్తుంది. దాంతో పాటు ఫిన్స్ పై పొర, రాగి గొట్టం అతుకులు కూడా కరుగుతాయి. కాస్టిక్ సోడా అల్యూమినియంతో కలిసి నురగలు కక్కుతుంది. ఆ నురుగులో ఉండేది మంటలంటుకునే హైడ్రోజన్. బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్ రెండు లోహాలనూ తుప్పు పట్టిస్తుంది. బ్లీచ్, యాసిడ్ కలిస్తే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇంట్లో చేసుకునే పనికి నీళ్లు, కొద్దిపాటి గిన్నెల ద్రవం, అల్యూమినియానికి హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్న కాయిల్ క్లీనర్, ఇవే హద్దు. వాడినది ఏదైనా చివర్లో మంచినీళ్లతో పూర్తిగా కడగాలి.

ఉప్పు గాలి, మురుగు గాలి

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో కాయిల్‌కు దుమ్ము కంటే పెద్ద శత్రువు ఉప్పు. రాగి, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకే చోట ఉప్పు తడి చేరితే అల్యూమినియం వేగంగా క్షయిస్తుంది. ఫిన్స్ తెల్లటి పొడిగా రాలిపోతాయి. ఇక్కడ ఔట్‌డోర్ కాయిల్‌ను నెలకొకసారైనా మంచినీళ్లతో కడగడం అవసరం. కొనేటప్పుడే తుప్పును తట్టుకునే పూత ఉన్న ఫిన్స్ ఎంచుకోవాలి. నీలం, బంగారు రంగుల్లో కనిపించేవి ఇలాంటి పూతలే. రంగు ఒక్కటే భరోసా ఇవ్వదు కాబట్టి వారంటీ కార్డులో తీర ప్రాంతాల గురించి ఏం రాశారో చదవాలి.

మురుగు కాల్వల పక్క ఇళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రాగిని నల్లబరిచి, క్రమంగా చిల్లులు పెడుతుంది. గదిలో వాడే కొత్త ప్లైవుడ్, జిగురు, రంగుల నుంచి వెలువడే ఆవిర్లు తేమతో కలిసి ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాలుగా మారినా అంతే. రాగి గోడలో సన్నని సొరంగాలు తవ్వుకుపోతాయి. కొత్తగా ఇంటీరియర్ పని చేయించిన ఇంట్లో మొదటి కొన్ని వారాలు కిటికీలు బాగా తెరిచి ఉంచడం మనుషులకూ, కాయిల్‌కూ మంచిది. రూమ్ ఫ్రెషనర్‌ను నేరుగా కాయిల్ మీద కొట్టకూడదు.

గ్యాస్ గురించి నిజం

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అతుకులు పక్కాగా ఉన్న మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ యంత్రం ఉన్నంతకాలం తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా ఏటా టాప్-అప్ చేయించడం డబ్బు దండగ, గాలికీ చేటు. ఒక కిలో ఆర్-410ఏ గ్యాస్ గాలిలో కలిస్తే భూమిని వేడెక్కించడంలో రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్-32 ప్రభావం దానిలో మూడోవంతు. పాత ఏసీల్లోని ఆర్-22 ఓజోన్ పొరకు హాని చేసేది. 2025 జనవరి 1 నుంచి మన దేశంలో కొత్త పరికరాల తయారీలో దాని వాడకం ఆగిపోయింది.

లీకు ఉందో లేదో చూడటానికి గొట్టాల్లో నైట్రోజన్ నింపి, అతుకుల మీద సబ్బు నురుగు పెట్టి బుడగలు వస్తున్నాయా అని పరిశీలిస్తారు. ఆక్సిజన్ మాత్రం ఎన్నడూ నింపకూడదు. అది కంప్రెసర్ ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. లీకు మూసిన తరువాత వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ తేమనూ తీసేయాలి. ఆపైన ఔట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద రాసిన బరువు మేరకు కాటా వేసి గ్యాస్ నింపాలి. ఆర్-32కు కాస్త మంటలంటుకునే గుణం ఉంది, కొన్ని మోడళ్లలోని ఆర్-290 పూర్తిగా మండే ప్రొపేన్. వీటితో పనిచేసేటప్పుడు గది తలుపులు, కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

మెకానిక్ వచ్చినప్పుడు

పని మొదలయ్యే ముందు, ముగిసిన తరువాత థర్మామీటరుతో గాలి తేడా చూపించమని అడగడం మంచి పద్ధతి. లోపల, బయట రెండు కాయిల్సూ, బ్లోయర్, ట్రే, డ్రెయిన్ పైపు కడగడం, వైర్ల బిగింపు చూడటం ఉంటేనే పూర్తి సర్వీస్. ఔట్‌డోర్ యూనిట్ బోర్డు మీదికి బల్లులు దూరి షార్ట్ కావడం తరచూ జరిగేదే కాబట్టి ఆ మూత సందులు కూడా చూడాలి. కాయిల్స్ కడగకుండానే గ్యాస్ తగ్గిందని చెబితే ఆ మాట ఒప్పుకోనక్కర్లేదు.

ఇంటి యజమాని బాధ్యత కూడా ఒకటుంది. పై అంతస్తుల్లో, అంగుళాల వెడల్పు సజ్జ మీద నిలబడి కండెన్సర్ కడిగే కుర్రాడి ప్రాణం కొన్ని వందల సర్వీస్ ఛార్జీ కంటే విలువైనది. సేఫ్టీ బెల్టు, దాన్ని కట్టడానికి గట్టి ఆధారం లేకుండా ఎవరినీ ఆ పనికి దింపకూడదు. కొత్తగా బిగించేటప్పుడే ఔట్‌డోర్ యూనిట్‌ను బాల్కనీ లోపలి నుంచి చేయి అందే చోట పెట్టిస్తే ప్రమాదమూ ఉండదు, కాయిల్ శుభ్రతా ఏటా సులువుగా జరుగుతుంది.

ఏడాది పొడవునా ఇలా

శివరాత్రి నుంచి ఉగాది లోపు: రెండు కాయిల్స్‌కూ పూర్తి సర్వీస్. ఎండలు ముదరకముందే చేయిస్తే మెకానిక్ దొరకడం తేలిక, పని కూడా నిదానంగా జరుగుతుంది.

వేసవి అంతా: రెండు వారాలకొకసారి ఫిల్టర్, నెలకొకసారి ఔట్‌డోర్ యూనిట్ వెనక భాగం చూడటం. రిమోట్ 24 నుంచి 26 డిగ్రీల దగ్గర ఉంచి సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటే కాయిల్ మీద భారం తగ్గుతుంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన ఉంది.

వానాకాలం: డ్రెయిన్ పైపు, ట్రే శుభ్రం. బూజు వాసన వస్తే కూలింగ్ కాయిల్‌కు మరోసారి సర్వీస్.

తీర ప్రాంతం, నిర్మాణాల పక్క ఇళ్లు, ఏడాదంతా నడిచే ఏసీలు: ఆరు నెలలకొకసారి పూర్తి సర్వీస్.

సీజన్ ముగిశాక

చలికాలానికి ఏసీ ఆపేసే ముందు ఫిల్టర్లు కడిగి ఆరబెట్టి, యూనిట్‌ను రెండు మూడు గంటలు ఫ్యాన్ మోడ్‌లో నడిపి కాయిల్‌ను పూర్తిగా ఆరనివ్వాలి. తడితో మూసేసిన కాయిల్ మీద నాలుగు నెలల్లో బూజు పెరుగుతుంది. రిమోట్‌లోని సెల్స్ తీసి, ఎంసీబీ ఆపాలి. ఔట్‌డోర్ యూనిట్‌కు గాలి ఆడని ప్లాస్టిక్ కవరు చుట్టకూడదు. లోపల తేమ నిలిచి తుప్పుకు దారితీస్తుంది, ఎలుకలు చేరతాయి. పైన మాత్రం చిన్న రేకు కప్పితే చాలు. కవరు వేసి ఉంటే, మళ్లీ ఏసీ వేసే ముందు దాన్ని తీసినట్టు నిర్ధారించుకోవాలి.

ఫిన్స్ చాలా భాగం రాలిపోయినా, రాగికి ఒకటికి రెండు చోట్ల చిల్లులు పడినా కడగడంతో ప్రయోజనం లేదు, కాయిల్ మార్చాల్సిందే. వారంటీలో ఉంటే కాయిల్ ఒక్కటే మార్పించుకోవడం లాభం. పది పన్నెండేళ్లు దాటిన ఆర్-22 ఏసీకి కొత్త కాయిల్ ఖరీదు పెట్టేకన్నా ఎక్కువ స్టార్ల కొత్త ఏసీ కొనడం మేలు. పాత యూనిట్‌ను ఇచ్చేసే ముందు అందులోని గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి తీయించాలి. కొత్తది బిగించిన నాటి నుంచే ఫిల్టర్, కాయిల్ శుభ్రత క్రమం తప్పకుండా సాగితే దాని స్టార్లకు పెట్టిన డబ్బు ఏళ్ల తరబడి బిల్లులో తిరిగి వస్తుంది.